గుంటనక్క పిల్లలు, పొద్దుటి వెలుగు: 300 ఎంఎం లెన్సుతో ఏ మాత్రం కుదురుతుంది?

పొదిలి_కుర్రాడు | మార్చి 9, రాత్రి 9:22

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. మాది పొదిలి అవతల (ఊరి పేరు తీసేశాం – నిర్వాహకుడు). మా శనగ చేను పక్కన బీడు ఉంది. అందులో చిల్లకంప మధ్య పాత మట్టికట్ట. ఆ కట్టలో గుంటనక్క బొరియ చేసుకుంది. శనగ కోతలప్పుడు నాయన చూసి చెప్పాడు.

పిల్లలు మూడు. ఇంకా పొద్దు పొడవకముందే బయటికొచ్చి ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటూ దొర్లుతాయి. ఎండ చురుక్కుమనగానే లోపలికి పోతాయి, మళ్ళీ సాయంత్రమే. నా దగ్గర నికాన్ డి5600, దాంతో వచ్చిన 70-300 లెన్సు ఉన్నాయి. దూరం నుంచి తీస్తే బొమ్మలో మరీ చిన్నగా పడుతున్నాయి. వెలుతురు తక్కువ కాబట్టి మసకగా కూడా వస్తున్నాయి. నాలుగడుగులు ముందుకేస్తే తల్లి ఏదో చిన్న కూత వేస్తుంది, అంతే, మూడూ మాయం. ఏం చేయమంటారు? లెన్సు కొనమని మాత్రం చెప్పకండి. ఈ ఏడు శనగ రేటు మీకు తెలిసిందే.

నెల్లూరు_లెన్సుమామ | మార్చి 9, రాత్రి 9:41

అబ్బాయ్, నక్క తోక తొక్కి లేచినట్టున్నావే! ఇంటి పక్కనే బొరియ ఉండటమంటే మాటలా. నేను నెల్లూరు నుంచి ఉదయగిరి దాకా బండేసుకుని తిరిగినా ఇంతవరకు గుంటనక్క పిల్ల కంటబడలేదు.

ముందు రెండు సంగతులు చెప్పు. బొరియ నోరు ఏ దిక్కుకు ఉంది? నువ్వు కూర్చుంటున్న చోటికి, దానికి ఎంత దూరం?

నిర్వాహకుడు | మార్చి 9, రాత్రి 10:05

ఊరి పేరు తీసేశాను, ఏమీ అనుకోకు తమ్ముడూ. బొరియలు, గూళ్ళు ఎక్కడున్నాయో ఈ వేదికలో రాయకూడదని ముందునుంచీ నియమం. నక్క కొమ్ము అదృష్టమని నమ్మి వేలకు వేలు పోసే జనం ఇప్పటికీ ఉన్నారు. నక్కకు కొమ్ము ఉండదు. అయినా ఆ పేరు చెప్పి ఎముక ముక్కకు వెంట్రుకలు అతికించి అమ్మేవాళ్ళు ఉన్నారు, దానికోసం నక్కల్ని చంపేవాళ్ళూ ఉన్నారు. ఫొటో పెట్టేటప్పుడు కూడా ఫైల్లో జీపీఎస్ వివరాలు ఉంటే తీసేసి పెట్టు. ఫోన్‌తో తీసిన బొమ్మల్లో అది చాలాసార్లు ఉంటుంది.

పొదిలి_కుర్రాడు | మార్చి 10, ఉదయం 7:50

సరే అన్నా, ఇంకెక్కడా చెప్పను.

లెన్సుమామా, బొరియకు రెండు నోళ్ళున్నాయి. పిల్లలు ఆడుకునేది తూర్పు వైపు దాని ముందు. నేను ఎదురుగా, అంటే తూర్పున, చేని గట్టు మీద కూర్చుంటున్నాను. ఒక ముప్పై మీటర్లు ఉంటుందేమో. ఇవాళ పొద్దున ఇంకోటి గమనించాను. ఎండ రాగానే నేను కదలకపోయినా లోపలికి పోయాయి.

వెలిగొండ_గాలి | మార్చి 10, మధ్యాహ్నం 1:15

తమ్ముడూ, అవి ఎండను చూసి కాదు, నీ నీడను చూసి పోయుంటాయి. సూర్యుడు 5 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు పదకొండు రెట్లు పొడవుంటుంది. గట్టు మీద కూర్చున్న మనిషి, కింద గట్టు, అన్నీ కలిపి ఏడడుగులు అనుకుందాం. నీడ డెబ్బై అడుగులు దాటుతుంది. సూర్యుడు ఇంకా కిందుంటే నేరుగా బొరియ నోట్లోకే పోతుంది. పిల్లలకు ఆకాశంలో గద్ద నీడ, నేల మీద నీ నీడ రెండూ ఒకటే.

కాబట్టి తూర్పు నుంచి లే. ఈశాన్యానికో ఆగ్నేయానికో జరుగు, గట్టు మీద కాకుండా గట్టు వారన నేల మీద కూర్చో. అప్పుడు వెలుగు పిల్లల మీద పక్కనుంచి పడుతుంది. ముఖానికి ఒకవైపు వెలుగు, ఒకవైపు పలచటి నీడ వస్తే ఆ బూడిదరంగు నూగు ఎంత ఒత్తుగా ఉంటుందో కనిపిస్తుంది. సూటిగా ముందు నుంచి పడితే బొమ్మ చప్పగా ఉంటుంది.

ఇంకో మాట. మన దగ్గర మెత్తటి వెలుగు ఎక్కువసేపు ఉండదు. యూరప్ వాళ్ళ వీడియోల్లో గంటన్నర సేపు బంగారు వెలుగు అంటారు, అది వాళ్ళకు. అక్కడ సూర్యుడు అడ్డంగా జారుకుంటూ పైకొస్తాడు. మనం 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం, మనకు దాదాపు నిలువునా ఎక్కుతాడు, గంటకు 14 డిగ్రీల పైచిలుకు. ఈ నెలలో మనకు పొద్దు పొడిచేది 6:20 ప్రాంతంలో. అక్కడి నుంచి గట్టిగా అరగంట. ఏడు దాటితే కళ్ళ కింద నల్లటి నీడలు మొదలవుతాయి, ఏడున్నరకు ఇంటికెళ్ళి సంగటి తినొచ్చు. ఏప్రిల్ నడిమికి పొద్దు పొడుపు 5:55కు జరుగుతుంది, అప్పుడు ఇంకా ముందే లేవాలి.

పొద్దు పొడవడానికి ముందు పావుగంట ఉంటుంది చూడు, నీడే లేని వెలుగు, అది నాకు అన్నిటికన్నా ఇష్టం. చిన్నపిల్లల బొచ్చుకు అంతకు మించిన వెలుగు లేదు.

ఒంగోలు_క్లిక్స్ | మార్చి 10, సాయంత్రం 6:30

ఇంత అవసరం లేదు బ్రో. చీకట్లోనే వెళ్ళి పది మీటర్ల దూరంలో మిలిటరీ రంగు గుడ్డ కప్పుకుని పడుకో. బొరియ ముందు నాలుగు కోడి పేగులు పడేయ్. తల్లి వస్తుంది, పిల్లలు వస్తాయి, ఫ్రేము నిండా ముఖం. నేనైతే ఇలాగే తీస్తాను. దూరం నుంచి తీసిన బొమ్మకు లైకులు ఎవరిస్తారు?

పశువుల_డాక్టరమ్మ | మార్చి 10, రాత్రి 8:48

క్లిక్స్ గారూ, ఆ కోడి పేగుల సలహా వద్దు. కారణాలు చెప్తాను.

పేగుల వాసనకు ముందు వచ్చేది గుంటనక్క కాదు, ఊరకుక్కలు. నెల దాటిన గుంటనక్క పిల్ల కుక్కకు ఒక్క విదిలింపు. మా వైపు బీళ్ళలో గుంటనక్కలకు పులి భయం లేదు, తోడేలు భయం లేదు, ఉన్నదంతా కుక్కల భయమే. కొరకడం ఒక్కటే కాదు, డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే వైరస్ జబ్బు), రేబిస్ రెండూ కుక్కల నుంచి వీటికి పాకుతాయి.

రెండోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏమిటో రాసిన చోట చంపడం, పట్టడం, వల పన్నడంతో పాటు ఎర వేయడం కూడా ఉంది. అభయారణ్యంలోనే కాదు, సొంత పొలంలోనూ అంతే.

గుంటనక్క జనవరి నుంచి మార్చి మధ్యలో రెండు నుంచి నాలుగు పిల్లల్ని పెడుతుంది. పిల్లలు నెల వయసుకు బొరియ బయటికి వస్తాయి. తల్లీ తండ్రీ రెండూ తెచ్చి మేపుతాయి. ఎలుకలు, చెదలు, పేడపురుగులు, రేగుపళ్ళు, దొరికితే పిట్టగుడ్లు. తల్లికి అనుమానం వస్తే పిల్లల్ని మెడపట్టి ఇంకో బొరియకు మార్చేస్తుంది. ఆ మార్చే దారిలోనే ఒకటో రెండో పోతాయి. పొదిలి తమ్ముడు చెప్పిన ఆ "చిన్న కూత" ఉంది చూశారా, అది వినిపించిందంటే అప్పటికే మనం దగ్గరైపోయామని. కూత వచ్చిన చోటు నుంచి ఇంకా వెనక్కి జరిగి కూర్చోవాలి, ముందుకు కాదు.

ఒంగోలు_క్లిక్స్ | మార్చి 10, రాత్రి 9:10

మేడమ్, మీరు చెప్పింది కరెక్టే కావచ్చు. కానీ పిట్టల హైడ్‌లు (దాగి కూర్చుని ఫొటోలు తీసే చోట్లు) పెట్టి డబ్బులు తీసుకుని పళ్ళు, పురుగులు వేసి తీయించేవాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళనెవరూ అడగరు. పల్లెటూరి కుర్రాడికి మాత్రం అందరూ నీతులు చెప్తారు. అయినా నేను గుడ్డ కప్పుకోమన్నాను, అందులో తప్పేముంది?

వెలిగొండ_గాలి | మార్చి 10, రాత్రి 9:55

హైడ్ మాట వరకు క్లిక్స్ చెప్పింది నేను ఒప్పుకుంటాను. దాగి కూర్చోవడం తప్పు కాదు, మనిషి ఆకారం కనపడకపోతే జంతువుకే మేలు. పది మీటర్లు మాత్రం వద్దు. రంగు గుడ్డ కూడా అక్కర్లేదు. మన ఊళ్ళలో తాటాకు దడి కట్టడం రాని వాళ్ళెవరు? గట్టు వారన మూడడుగుల ఎత్తున, కూర్చుంటే తల మునిగేలా, తాటాకు దడి నిలబెట్టు. మిట్టమధ్యాహ్నం నక్కలు లోపలున్నప్పుడు కట్టి వచ్చేయ్. వెంటనే వెళ్ళి కూర్చోకు. కొన్నాళ్ళు అలా వదిలెయ్, అక్కడ ఎప్పటినుంచో ఉన్న కంపలాగే తీసుకుంటాయి. లెన్సు పట్టేంత సందు ఉంచితే చాలు. దడి గాలికి చప్పుడు చేయకుండా గట్టిగా కట్టు. రెపరెపలాడితే మనిషి కన్నా ఎక్కువ బెదురుతాయి.

గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకో. తెల్లవారుజామున నీ మీద నుంచి బొరియ వైపు వీస్తుంటే ఆ రోజు కెమెరా తీయకుండా తిరిగొచ్చేయ్. పళ్ళు తోమిన పేస్టు వాసన కూడా దానికి తెలుస్తుంది.

వెళ్ళడం చీకట్లోనే, రావడం పిల్లలు లోపలికి పోయాకే. మధ్యలో లేచావంటే ఆ దడి ఇంక పనికిరాదు.

నెల్లూరు_లెన్సుమామ | మార్చి 11, ఉదయం 10:20

కెమెరా సంగతి నేను చూస్తా.

డి5600ది చిన్న సెన్సార్ (లోపల బొమ్మ పడే చిప్పు), కాబట్టి నీ 300 ఎంఎం చూపులో 450 లాగా పనిచేస్తుంది. ముప్పై మీటర్ల దూరంలో అడుగు పొడవున్న పిల్ల సెన్సార్ మీద 3 మిల్లీమీటర్లు పడుతుంది. ఫ్రేము వెడల్పులో ఎనిమిదో వంతు. "అంతేనా" అనకు. 24 మెగాపిక్సెళ్ళలో అది 750 పిక్సెళ్ళ పైమాటే. ఫోన్లో చూడ్డానికి, ఇక్కడ పెట్టుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ముఖం నిండా రావాలనే పట్టుదల వదిలేసి కట్ట, బొరియ, వెనక చిల్లకంప, అన్నీ కలిపి బొమ్మ కట్టు. మూడు పిల్లలు మూడు చోట్ల నిలబడితే ఆ ఫ్రేములో వాటి ఊరు కనిపిస్తుంది. ముఖాలు తీసేవాళ్ళు వందమంది ఉన్నారు.

మసక ఎందుకొస్తుందంటే: పొద్దు పొడిచాక కాసేపటికి ఎఫ్/6.3 (లెన్సు రంధ్రం), ఐఎస్ఓ 3200 (సెన్సార్ సున్నితత్వం) పెడితే షట్టర్ సెకనులో 1/500 వంతు అటూఇటూ వస్తుంది. పిల్లలు పొర్లాడేటప్పుడు అది కనీసం కావాలి, పరుగెత్తితే 1/1000. అదే పొద్దు పొడవడానికి పావుగంట ముందైతే అవే సెట్టింగులకు 1/60 కన్నా కిందికి దిగిపోతుంది. వెలిగొండన్నకు ఇష్టమైన వెలుగు అది. ఆ వెలుగులో ఆట తీయాలని చూడకు. కూర్చున్న పిల్ల, ఆవులించే పిల్ల, తల్లి రాక కోసం చెవులు నిక్కించి చూసే పిల్ల, ఇలాంటివి తీయి. అవి ఒక్క క్షణం రాయిలా ఆగుతాయి. అప్పుడు వరసగా ఐదారు నొక్కు, ఒకటి నిలబడుతుంది. ఐఎస్ఓ 6400కు భయపడకు. బొమ్మ ఇసుక చల్లినట్టు వచ్చినా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు, కదిలిపోయిన బొమ్మను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు.

రా ఫైల్‌గా (కెమెరా మార్పులు చేయని ముడి బొమ్మ) తీయి. వైట్ బ్యాలెన్స్ (రంగు సరిచేసే సెట్టింగు) ఆటోలో పెడితే కెమెరా ఆ పసుపు వెలుగును తప్పనుకుని కడిగేస్తుంది. డేలైట్‌లో పెట్టి వదిలెయ్. కెమెరాలో "క్వయట్" షట్టర్ ఉంది, వాడు. మిర్రర్‌లెస్ కెమెరాల్లాగా పూర్తిగా నిశ్శబ్దం కాదు గానీ ఠక్కుమనదు. ఫోకస్ అయినప్పుడు వచ్చే బీప్, ముందు వెలిగే చిన్న లైటు రెండూ ఆపెయ్. వాటిని మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ట్రైపాడ్ వద్దు. పాత ప్యాంటు కాలు కోసి కుట్టి శనగలు నింపు, బీన్‌బ్యాగ్ అయిపోయింది. నేల మీద పెట్టి, లెన్సు దాని మీద. నీ కెమెరా స్క్రీన్ బయటికి తిరుగుతుంది కాబట్టి మెడ నేలకానించనక్కర్లేదు, పైనుంచి చూస్తూ తీయొచ్చు. కాకపోతే స్క్రీన్లో చూస్తూ తీస్తే ఫోకస్ నెమ్మది. ఆట తీయాలంటే కన్ను పెట్టాల్సిందే.

ఎండాకాలం కదా, ఎనిమిదయ్యేసరికి బీడు మీద గాలి వణుకుతుంది. ఆ వణుకులో ముప్పై మీటర్ల అవతలిది ఎంత ఖరీదైన లెన్సుకైనా నీళ్ళలో ఉన్నట్టే వస్తుంది. జనం లెన్సు బాలేదని తిడతారు.

తీరం_సరుగుడు | మార్చి 11, మధ్యాహ్నం 3:40

చర్చ బీడు మీద నడుస్తోంది గానీ, లెన్సు లేనివాళ్ళకు మన తీరంలో ఇంకో అవకాశం ఉందని చెప్పాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి నెల్లూరు, ప్రకాశం తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూట్లో వంద అటూఇటూ. నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పొదుగుతాయి, కాబట్టి ఇప్పటి నుంచి ఏప్రిల్, మే దాకా పిల్లలు వస్తూనే ఉంటాయి. అటవీ శాఖ హేచరీల్లో పొదిగిన పిల్లల్ని తెల్లవారుజామున సముద్రంలోకి వదులుతారు. ముందుగా అడిగి, వాళ్ళు రమ్మంటే వెళ్ళొచ్చు. ఫోన్ చాలు.

ఇక్కడ వెలుగు సంగతి వేరు. మన సముద్రం తూర్పున ఉంది. పిల్లలు పోయేది సూర్యుడి వైపే. వాటి వెనక నిలబడి తీస్తే అంతా ఎదురు వెలుగు. కొందరు ముందుకెళ్ళి సముద్రం వైపు నుంచి ముఖాలు తీద్దామని చూస్తారు. అసలు వద్దు. నీళ్ళ మీది మెరుపును చూసే పిల్లలు దారి పట్టుకుంటాయి, మనిషి అడ్డం నిలబడితే తికమకపడి పక్కకు తిరుగుతాయి. పక్కన, దూరంగా, నేలకు ఆనుకుని పడుకుని తీయి. అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక అద్దంలా ఆకాశాన్ని పట్టుకుంటుంది, ఆ రెండు మూడు సెకన్లలో పిల్ల, దాని ప్రతిబింబం రెండూ దొరుకుతాయి. ఎదురు వెలుగు కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గిస్తే ఆకాశం రంగు నిలబడుతుంది, పిల్ల నల్లటి ఆకారంగా వస్తుంది. ఒంటి మీది గీతలు కనపడాలంటే ఆకాశాన్ని వదిలేసుకోవాలి. రెండూ కావాలంటే పొద్దు పొడవక ముందే తీయాలి.

ఫ్లాష్ వద్దు. తెల్ల టార్చి కూడా వద్దు. ఫోన్ స్క్రీన్ వెలుతురు కూడా తగ్గించుకోవాలి. డిప్ప నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది అంతే, ఆ మసకలో కనిపించదు, వెనక్కి అడుగేసే ముందు కింద చూసుకోండి. చేత్తో ఎత్తి సెల్ఫీ అడిగేవాళ్ళుంటే వద్దని చెప్పండి. ఇసుక మీద నడిచే ఆ కాస్త దూరం దానికి అవసరం.

ఉప్పు గాలికి లెన్సు మీద జిడ్డు పడుతుంది, ముందు ఊది, ఆ తర్వాతే తుడవండి. ఇసుకతో కలిపి రుద్దారంటే అద్దం గీతలు పడుతుంది.

దోర్నాల_రోడ్డు | మార్చి 11, రాత్రి 8:05

అడవి వెలుగు గురించి ఒక ముక్క. నల్లమలలోని తుమ్మలబైలు సఫారీలో జీపు దిగనివ్వరు, అది మంచిదే. దుప్పి పిల్లలు ఏడాదిలో ఏ నెలలోనైనా కనిపిస్తాయి. ఇబ్బంది ఏంటంటే నల్లమలలో ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంది. దుప్పి పిల్ల ఒంటి మీద ఎటూ తెల్ల చుక్కలు, వాటి మీద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు, ఏది మచ్చో ఏది ఎండో తెలీదు. కొండ మీది నుంచి ఎండ దిగకముందు, లేదా మబ్బు పట్టిన రోజు తీస్తేనే ఆ చుక్కలు చుక్కల్లా కనిపిస్తాయి. డ్రైవరన్నను ఇంజిన్ ఆపమనండి, లెన్సు తలుపు మీద ఆనించినా ఆ వణుకు బొమ్మలోకి వస్తుంది.

కొండముచ్చు పిల్లలు పుట్టినప్పుడు నల్లగా ఉంటాయి, తల్లి బూడిద తెలుపు. కెమెరా తల్లిని చూసుకుని కొలుస్తుంది కాబట్టి పిల్ల ముఖం బొగ్గు ముద్దలా వస్తుంది. పిల్ల ముఖం మీద స్పాట్ మీటరింగ్ (ఆ ఒక్క చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) పెట్టండి.

ఇంకా ఒకటి, గడ్డిలో ఒంటరిగా పడుకున్న దుప్పి పిల్ల కనిపిస్తే "పాపం, తల్లి వదిలేసింది" అని ఎత్తుకొచ్చేవాళ్ళున్నారు. వదల్లేదు. మొదటి వారాల్లో పిల్లను గడ్డిలో దాచి తల్లి మేతకు పోతుంది, పాలివ్వడానికి తిరిగొస్తుంది. ఒక ఫొటో తీసుకుని జరిగిపోండి, లేదా అదీ వద్దు.

సూళ్ళూరు_స్నాప్స్ | మార్చి 11, రాత్రి 8:30

నేలపట్టు పక్షుల అభయారణ్యం గురించి ఎవరూ రాయలేదే? మన నెల్లూరు జిల్లాకే గర్వకారణం కదా.

నెల్లూరు_లెన్సుమామ | మార్చి 11, రాత్రి 8:44

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది మామా, నాకూ మనసొప్పదు. వెళ్ళాలంటే ఇంకా ఆలస్యం చేయకండి. అక్టోబరులో మొదలయ్యే గూడబాతుల కాపురం మార్చికి ముగుస్తుంది, ఇప్పుడు పెద్ద పిల్లలే ఉంటాయి. టవర్ మీద నుంచే తీయాలి. గూళ్ళు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద ఉంటాయి. దగ్గరికెళ్ళామంటే పెద్దవి లేస్తాయి, ఆ కాస్త సందులో కాకులు గూట్లో పడతాయి. డ్రోన్ ఎగరేద్దామని ఎవరికైనా ఉంటే కేసుకు సిద్ధపడి ఎగరేయండి.

పొదిలి_కుర్రాడు | మార్చి 19, ఉదయం 9:35

అందరికీ చాలా థ్యాంక్స్. ఆగ్నేయానికి జరిగి దడి కట్టాను, నాయన కూడా చేయేశాడు (మొదట "నక్క ఫొటోకు దడి ఏందిరా" అని నవ్వాడు). కొన్నాళ్ళు వదిలేసి నిన్న, ఇవాళ కూర్చున్నాను. తల్లి కూత పెట్టలేదు. ఇవాళ అది ఏదో నోట కరుచుకుని కట్ట ఎక్కింది. తోక చివర నలుపు స్పష్టంగా కనిపించింది. దడి వైపు కాసేపు చూసింది, ఒక చెవి ఇటు, ఒక చెవి అటు తిప్పింది, దిగిపోయింది.

ఒక బొమ్మ జతచేస్తున్నాను. 1/500, ఎఫ్/6.3, ఐఎస్ఓ 3200. ఒక పిల్ల కట్ట అంచున కూర్చుని సూర్యుడి వైపు అడ్డంగా తిరిగింది. ముక్కు మీద ఎర్రమట్టి అంటుకుని ఉంది. చెవి వెనక నుంచి వెలుగు పడి చెవి లోపలి నరాలు సన్నగా ఎర్రగా కనిపిస్తున్నాయి. మిగతా రెండూ వెనక కాస్త మసకగా. చూసి చెప్పండి.

ఇంకో సంగతి, పక్క చేను వాళ్ళ కుక్క ఒకటి ఎనిమిదింటికి కట్ట చుట్టూ వాసన చూస్తూ తిరిగింది. తరిమాను. దానిదే టెన్షన్‌గా ఉంది.

వెలిగొండ_గాలి | మార్చి 19, ఉదయం 11:02

ఆ చెవి! తమ్ముడూ, అది లక్ష రూపాయల లెన్సుతో తీసినా దానికన్నా బాగా రాదు. వెలుగు పక్కనుంచి పడితేనే అది కనిపిస్తుంది. నువ్వు గట్టు మీదే కూర్చుని ఉంటే ఈ ఫ్రేము లేదు.

ఒక్క సలహా. కుడివైపు చిల్లకంప కొమ్మ ఒకటి ముదురు నలుపుగా ఫ్రేములోకి చొచ్చుకొచ్చింది, కన్ను అక్కడికే పోతోంది. దాన్ని నరకొద్దు, బొమ్మలోనే అంచు కాస్త కోసెయ్.

నెల్లూరు_లెన్సుమామ | మార్చి 19, మధ్యాహ్నం 12:15

బొమ్మ బాగుంది. రంగు మాత్రం నువ్వు ఇంకాస్త పసుపు కలిపినట్టున్నావు, శనగచేను మీద పసుపు చల్లినట్టు అయిపోయింది. డేలైట్‌లో వచ్చినదే ఉంచు. చెవి దగ్గర వెలుగు తెల్లగా కాలిపోలేదు, అది చాలు. వెనక పిల్లలు మసకగా ఉండటం నాకు నచ్చింది, అన్నీ షార్ప్‌గా ఉండాలని ఎవరన్నారు?

ఒంగోలు_క్లిక్స్ | మార్చి 19, మధ్యాహ్నం 1:48

బాగుంది బ్రో. ముఖం ఇంకా పెద్దగా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం నాదే. కానీ తల్లి చెవులు అలా తిప్పి కూడా ఉండిపోవడం నేనెప్పుడూ చూడలేదు. దడి ఎంత ఎత్తు కట్టావ్? వీడియో ఉంటే పెట్టు.

పశువుల_డాక్టరమ్మ | మార్చి 19, రాత్రి 8:20

తమ్ముడూ, కుక్కను రోజూ తరమడం నీ వల్ల కాదు. అది నువ్వు లేనప్పుడు వస్తుంది. దాని యజమానితో మాట్లాడి పిల్లలు పెద్దవయ్యే దాకా, అంటే ఇంకో రెండు మూడు నెలలు, తెల్లవారుజామున, మునిమాపు వేళ కట్టేయమను. గొడవగా కాకుండా, ఫొటో చూపించి అడుగు. చాలామంది ఒప్పుకుంటారు.

టీకా సంగతి కూడా అడుగు. రేబిస్ టీకా ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో జులై 6న, జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు పాకే జబ్బుల దినం) నాడు, ఉచితంగా వేస్తారు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు, మీ మండలం ఆసుపత్రికి తీసుకెళ్ళినా వేస్తారు. డిస్టెంపర్ టీకా మాత్రం బయట కొనాల్సి రావచ్చు. ముందు నీ ఇంటి కుక్క ఉంటే దానితో మొదలుపెట్టు.

నువ్వు కూడా రోజూ వెళ్ళకు. వారానికి ఒకసారి వెళ్ళినా పిల్లలు ఎదగడం కనిపిస్తుంది, బొమ్మలు కూడా వేరువేరుగా ఉంటాయి.

పొదిలి_కుర్రాడు | మార్చి 19, రాత్రి 9:05

అలాగే అక్కా. ఆ కుక్క వాళ్ళబ్బాయి నా క్లాస్‌మేటే, రేపు అడుగుతాను. మా ఇంటి కుక్కకు రేబిస్ టీకా వేయించి ఏడాది దాటింది, దానికీ వేయించాలి.

క్లిక్సన్నా, దడి మూడడుగులు. మధ్యలో జానెడు సందు వదిలాను. వీడియో తీయలేదు, దడి ఫొటో రేపు పెడతా. లెన్సుమామా, శనగల బీన్‌బ్యాగ్‌కు ఎలుకలు పట్టాయి, దానికేమైనా ఉపాయం ఉందా?

నెల్లూరు_లెన్సుమామ | మార్చి 19, రాత్రి 9:12

శనగల బదులు ఇసుక పోయ్ అబ్బాయ్. బరువుంటుంది గానీ ఎవరూ తినరు. ప్లాస్టిక్ సంచిలో పోసి గట్టిగా మూతి కట్టాకే ప్యాంటు కాల్లో పెట్టు. లేకపోతే కెమెరాలోకి పోతుంది.